మొగిలి ఘాట్ దిగిన అంబాసిడర్, డబ్బాలోని పాత కండెన్సర్

మా నాన్నగారు 1978లో కొన్న మార్క్ త్రీ అంబాసిడర్‌లో పలమనేరు నుంచి బయలుదేరి, చిత్తూరు, కాణిపాకం మీదుగా తిరుపతి వెళ్ళి రావాలని నేనూ మా బావమరిదీ మామిడికాయల కాలంలో నిశ్చయించుకున్నాము. దూరం పెద్దదేమీ కాదు. చిత్తూరు దాకా సుమారు 40 కిలోమీటర్లు, అక్కడి నుంచి తిరుపతికి మరో 70. పొద్దున టిఫిను చేసి బయలుదేరినవాళ్ళు మధ్యాహ్న భోజనానికి తిరుపతిలో ఉండవచ్చు. మేము చేరేసరికి రాత్రి పదిన్నర అయింది. ఆ పగలంతా బొటనవేలంత కూడా లేని ఒక డబ్బీ కోసం ఖర్చయింది.

మొగిలి ఘాట్‌లో బండి చక్కగా దిగింది. బంగారుపాళ్యం దాటి, తోతాపురి కాయల లారీల వెనుక నెమ్మదిగా పోతూ ఉండగా మొదట చిన్న మిస్సింగ్, అంటే ఇంజిన్ మధ్యమధ్య ఒక దెబ్బ తప్పడం, వినిపించింది. తరువాత సైలెన్సర్‌లో టపాకాయ పేలినట్లు రెండు చప్పుళ్ళు వచ్చాయి, ఆ వెంటనే ఇంజిన్ ఆగిపోయింది. చింతచెట్టు నీడకు నెట్టి, ఇరవై నిమిషాలు చల్లారనిచ్చి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్లు స్టార్ట్ అయింది. ఐదారు కిలోమీటర్లు పోయాక మళ్ళీ అవే టపాకాయలు, మళ్ళీ అదే నిశ్శబ్దం.

దారిన పోయే ప్రతివారూ ఆగి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయమన్నారు. వారి మాటను తీసిపారేయడానికి లేదు. ఎండాకాలంలో పంపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడడం అంబాసిడర్లకు పాత జబ్బే. అయితే ఆ జబ్బు వచ్చిన బండి నీరసించి, ఈడ్చుకుంటూ ఆగుతుంది గానీ టపాకాయలు కాల్చదు. తడిగుడ్డ వేసి చూశాము కూడా. గుడ్డ ఆరిపోయింది, బండి కదల్లేదు.

అప్పుడు, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకున్న రెండు క్లిప్పులూ లాగి, లోపల తిరుగుతూ ఆ పంపకం చేసే రోటరు తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, మూసుకుని ఉన్న పాయింట్లను, అంటే స్విచ్చిలా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండే రెండు లోహపు బిళ్ళలను, చిన్న స్క్రూడ్రైవరుతో విడదీశాను. ఆరోగ్యంగా ఉన్న బండిలో అక్కడ కనిపించీ కనిపించని మెరుపు వస్తుంది. నాకు కనిపించింది వెల్డింగ్ పెట్టినట్లు కళ్ళకు కొట్టే నీలి మెరుపు. పాయింట్లను వెలుతురుకు పట్టి చూస్తే ఒకదాని మొహాన గుంట పడింది, రెండోదాని మీద ఆ గుంటలో నుంచి వెళ్ళిన లోహమే చిన్న పుట్టగా పేరుకుంది.

పాయింట్లు మూసి ఉన్నంతసేపు కాయిల్‌ అనే తీగచుట్టలో కరెంటు పారి అయస్కాంత శక్తి నిండుతుంది. అవి తెరుచుకున్న క్షణంలో ఆ శక్తి ఒక్కసారిగా కూలిపోవాలి, అప్పుడే 12 వోల్టుల మీద నడిచే కాయిల్ నుంచి వేల వోల్టులు పుట్టి ప్లగ్గుకు చేరుతాయి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు డిస్ట్రిబ్యూటర్ అందులో సగం, అంటే 1500 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు నాలుగుసార్లు చొప్పున పాయింట్లు నిమిషానికి 6000 సార్లు, సెకనుకు వందసార్లు తెరుచుకుంటాయి. అలా తెరుచుకున్న ప్రతిసారీ, పాయింట్ల మధ్య దూకబోయే కరెంటును తనలోకి పీల్చుకునే పని కండెన్సరు అనే చిన్న డబ్బీది. అది చెడిపోతే కరెంటు పాయింట్ల దగ్గరే మెరిసి ఖర్చయిపోతుంది, ప్లగ్గుకు మిగలదు. వేడెక్కితే చచ్చి, చల్లబడితే లేవడం చెడిపోయే కండెన్సరు లక్షణం. మాకు జరుగుతున్నది సరిగ్గా అదే.

మూడుసార్లు ఆగి, మూడుసార్లు చల్లార్చుకుని చిత్తూరు చేరేసరికి పదకొండు దాటింది. గాంధీ విగ్రహం కూడలికి దగ్గరలో బండి నిలిపి, స్పేర్ పార్టుల దుకాణాలు ఒక్కొక్కటే ఎక్కి దిగాము. మొదటి దుకాణంలో పాతికేళ్ళ కుర్రవాడు నా చేతిలోని పాయింట్లను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ సెన్సరు సార్?" అని అడిగాడు. అతన్ని తప్పుపట్టను. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో అయినా, పాయింట్లు వాడే బండ్లు అంతకు చాలా ముందే రోడ్ల మీద పలచబడ్డాయి. అతను పని నేర్చుకునే నాటికి ఇవి దుకాణాల అటకెక్కేశాయి. రెండో చోట చూపిన సెట్టు మాదానికి కవల సోదరుడిలా ఉంది గానీ ఫియట్‌ది. పక్కపక్కన పెట్టి చూస్తే స్క్రూ పట్టే రంధ్రం జరిగి ఉంది. పాత పార్టు జేబులో పెట్టుకోకుండా కొత్తది కొనడానికి పోకూడదని మా నాన్నగారు అనేవారు. ఆ రోజు ఆ మాట రెండుసార్లు డబ్బు మిగిల్చింది.

నాలుగో దుకాణం యజమాని స్టూలెక్కి, దుమ్ము పట్టిన అట్టపెట్టెలో నుంచి లూకాస్ టీవీఎస్ పాయింట్ల సెట్టు ఒకటి తీశాడు. అంబాసిడర్ల డిస్ట్రిబ్యూటర్లు ఎన్నో చెన్నై పక్కనున్న పాడిలోని ఆ కర్మాగారంలో తయారైనవే కాబట్టి నా ప్రాణం లేచి వచ్చింది. కండెన్సరు, రోటరు మాత్రం పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ సంచుల్లో ఉన్నాయి. "ఒరిజినలే సామీ, కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా," అన్నాడాయన. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధం చెల్లదని ఈ జిల్లాలో అందరికీ తెలుసు కాబట్టి మూడూ కొన్నాను.

దుకాణం ముందు నీడలోనే బిగించడం మొదలుపెట్టాను. అక్కడ నా చేతులారా ఒక తప్పు చేశాను. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల స్ప్రింగు చివర ఒక చిన్న స్తంభానికి తగులుకుంటుంది. ఆ స్తంభానికీ స్ప్రింగుకూ మధ్య, టోపీ పెట్టుకున్న బుడ్డోడిలా, చింతగింజకంటే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే తీగ కొన, కండెన్సరు తీగ కొన ఆ టోపీ కిందే కూర్చోవాలి. అప్పుడే అవి స్ప్రింగును తాకుతాయి, స్తంభాన్ని తాకవు. నేను తొందరలో రెంటినీ టోపీ పైన పెట్టి నట్టు బిగించాను. అంటే కరెంటు నేరుగా ఎర్త్ అయిపోయింది. పాయింట్లు తెరుచుకున్నా మూసుకున్నా కాయిల్‌కు తెలియదు. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఒక్క దగ్గు కూడా రాలేదు. అరగంట సేపు కాయిల్‌ను, బ్యాటరీని, చివరికి దుకాణదారుని కూడా అనుమానించిన తరువాత మా బావమరిది వంగి చూసి, "బావా, ఈ తీగలు బోల్టుకు తగిలినట్టుండాయే" అన్నాడు. అతను బ్యాంకు ఉద్యోగి. స్పానరు పట్టడం కూడా రాదు. ఈ సంగతి ఆ తరువాత మూడు పెళ్ళిళ్ళలో చెప్పాడు.

తీగలు సరిచేసి, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజితో పాయింట్ల గ్యాప్ 15 థౌలకు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మిల్లీమీటరుకు పెట్టాక బండి గుర్రంలా లేచింది. కాణిపాకం చిత్తూరుకు పదకొండు కిలోమీటర్లే. గుడి దగ్గర పూజకు వచ్చిన కొత్త కార్ల వరుసలో మా అంబాసిడర్ కూడా పసుపు కుంకుమ పెట్టించుకుని, దండ వేయించుకుని నిలబడింది. పూజారిగారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి, "ఇక ముందుకు పోనీండి" అన్నారు. సెల్ఫ్ కొట్టాను. ఒక టపాకాయ పేలింది, అంతే. వెనుక వరుసలోని వారు హారను కొడుతున్నారు. చివరికి భక్తులే నలుగురు చేతులు వేసి నెట్టారు. మా నిమ్మకాయలు అలా ఇతరుల బలంతో నలిగాయి. ప్రమాణం చేస్తానన్న ఆ కండెన్సరు దేవుడి ఎదుటికి వచ్చి నిజం చెప్పేసింది.

అక్కడ కొబ్బరికాయలు అమ్మే ఆమె, చిత్తూరులో ఒకప్పుడు టాక్సీ అంబాసిడర్లన్నిటినీ చూసిన ముసలాయన ఒకరున్నారని చెప్పింది. బావమరిది ఆటోలో వెళ్ళి వెతికితే, ఆయన సాయంత్రం నాలుగింటికి పాత మోపెడ్ మీద, ముందు ఒక బిస్కెట్ల డబ్బా పెట్టుకుని వచ్చారు. డబ్బా నిండా వాడిన కండెన్సర్లే. కొన్నిటి తీగలు నలిగి ఉన్నాయి, ఒకదానికి తుప్పు పట్టింది. నా కొత్తదాన్ని బొటనవేలితో నొక్కి చూసి, "కొత్తదని నమ్మబాకండి సామీ. ఇది ఎండ చూడలేదు. నా డబ్బాలో ఉండేవన్నీ ఎండలో తిరిగి వచ్చినవే," అన్నారు. ఆ మాట నాకు ఈ రోజుకీ నిజమనే అనిపిస్తుంది. పదేళ్ళుగా దుకాణంలో పడి ఉన్న పేరులేని కొత్త పార్టుకంటే, బండిలో వేసవులు గడిపి పనిచేస్తూ ఉండగా తీసిన పాతదే నాకు భరోసా.

ఆయన దానిని డిస్ట్రిబ్యూటర్ లోపల పెట్టలేదు. బయట, కాయిల్ పక్కన, కాయిల్‌ను పట్టి ఉంచే బోల్టు కింద కండెన్సరు చెవిని బిగించి దానికి ఎర్త్ ఇచ్చారు. దాని తీగను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే మొన దగ్గరే కలిపారు. విద్యుత్తు లెక్కన అది లోపల ఉన్నా బయట ఉన్నా ఒకటే, కానీ బయట డిస్ట్రిబ్యూటర్ లోపలి వేడి దానికి తగలదు, చెడితే మూత విప్పకుండానే నిమిషంలో మార్చుకోవచ్చు. గ్యాప్ చూడడానికి జేబులోని విజిటింగ్ కార్డు తీశారు. నేను పట్టుబట్టి నా గేజితో కొలిస్తే సరిగ్గా 15 థౌలే వచ్చింది. ఆయన నవ్వలేదు గానీ కార్డును మాత్రం నెమ్మదిగా, నాకు కనిపించేలా జేబులో పెట్టుకున్నారు. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగ్, అంటే ప్లగ్గులో మెరుపు పడే సమయం, కూడా ముందుకు జరుగుతుంది కాబట్టి, ఇంజిన్ నడుస్తూ ఉండగా డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పి, చెవితోనే సర్దారు. నేను కొన్న రోటరును ఇరుసు మీద వదులుగా ఊగుతోందని తీసేసి, పాతదాన్నే తుడిచి పెట్టారు. పాయింట్లను తెరిచే క్యామ్‌కు ఒరుసుకుని కొత్త పాయింట్ల మడమ అరిగి గ్యాప్ తగ్గుతుందని, 500 కిలోమీటర్ల తరువాత ఒకసారి చూసుకోమని, క్యామ్‌కు గింజంత గ్రీజు మించి పెట్టవద్దని చెప్పారు.

ఆ తరువాత ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. పూతలపట్టు దాటాము, గాదంకి టోల్‌గేటులో బండిని చూసి ఒకాయన ఫొటో తీసుకున్నాడు, చంద్రగిరి కోట చీకట్లో కనిపించలేదు. మరునాడు బండిని తిరుపతిలోనే నీడలో నిలిపి, అలిపిరి నుంచి బస్సులో కొండెక్కాము. 1944లో తెరిచిన మొదటి ఘాట్ మీదుగా బస్సు దిగుతున్నప్పుడు, ప్రతి మలుపులోనూ నా చెవి బస్సు ఇంజిన్‌లో మిస్సింగ్ కోసమే వెతికింది.

తిరుగు ప్రయాణంలో చిత్తూరులో ఆయన షెడ్డు దగ్గర ఆగాను. డబ్బాలో నుంచి రెండు కండెన్సర్లు కొంటానని అడిగితే, "ఒకటి చాలు సామీ, రెండోదానికి ఇంకో బండి ఉండాది," అని ఒకటే ఇచ్చారు. నా జేబులోని గుంట పడిన పాత పాయింట్లు పారేయబోతే చెయ్యి చాపి అడిగి తీసుకున్నారు. నేను బండి స్టార్ట్ చేసేసరికే స్టూలు మీద కూర్చుని, నూనెరాయి మీద ఆ పుట్టను అరగదీస్తున్నారు.