పాకం దించే వేళ

జనవరి 11, ఆదివారం

పండక్కి బెల్లం తెచ్చుకుందామని పొద్దున్నే అనకాపల్లి దగ్గర బాబాయి వాళ్ల ఊరు వెళ్లాను. మంచు ఇంకా విడలేదు, అప్పటికే గానుగ ఆడుతోంది. చెరకు నిన్న సాయంత్రం నరికిందట. నరికాక ఒక్క రోజు కూడా ఆగకూడదని బాబాయి పట్టుదల. ఆలస్యమైతే గడలోని చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. ఆ రసాన్ని ఎంత కాచినా దిమ్మ గట్టిపడదు. కాలేజీలో నేను బోర్డు మీద రాసి చెప్పేది ఆయనకు చేతికి తెలుసు.

పెనంలో రసం వేడెక్కగానే కాస్త సున్నపు తేట పోశారు. మురికంతా నురగతో పైకి తేలింది. ఆ మడ్డిని తీస్తూనే ఉండాలి, ఏమరితే మళ్లీ రసంలో కలిసిపోతుంది. పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోస్తున్నారు. చెరకు తన రసాన్ని తానే కాచుకుంటోంది!

రెండు గంటలు దాటాక బుడగలు చిక్కబడి, బరువుగా పగలడం మొదలైంది. నేను ఏదో అడగబోతే, "ఇప్పుడు మాట్లాడించకమ్మా" అన్నాడు బాబాయి. గరిటెతో కాస్త పాకం తీసి చన్నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేశాడు. మొదటిది మెత్తగా జారింది. కాసేపాగి చేసిన ఉండను పళ్లేనికేసి కొడితే ఠంగుమంది. "దించండి!" అని కేక. థర్మామీటరు పెడితే 118 డిగ్రీల దగ్గర ఉండేది. ఆ క్షణం తప్పితే పాకమంతా లేతగా మిగిలిపోతుంది, లేదంటే మాడిపోతుంది.

నాకు బాధనిపించింది రంగు విషయంలో. పసుపుపచ్చగా మెరిసే దిమ్మకే మంచి ధర. అందుకని చాలామంది హైడ్రోస్ అనే, రంగు తేల్చే రసాయనం వేస్తారు. ఆ మెరుపు నిలవదు, నిల్వలో మళ్లీ నల్లబడుతుంది. ముదురు రంగు మురికి కాదని కొనేవాళ్లకు ఎవరు చెప్పాలి?

మధ్యాహ్నం పిన్ని ఇచ్చిన టీలో పంచదార కరుగుతుంటే, పిల్లలతో చూసిన మిల్లు గుర్తొచ్చింది. అక్కడా ఇదే రసం, ఇదే సున్నం. అయితే గాలి తీసేసిన పెద్ద పాత్రల్లో తక్కువ వేడికే మరిగించి పలుకులు కట్టిస్తారు. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగే యంత్రం మొలాసిస్‌ను, అంటే పలుకు కట్టని నల్లటి జిగట పాకాన్ని, విసిరికొడుతుంది, పలుకులు మిగులుతాయి. వాటికి ఇంకా మొలాసిస్ పూత అంటుకుని గోధుమరంగులో ఉంటే అది ముడి చక్కెర. శుద్ధి కర్మాగారంలో దాన్ని కడిగి, కరిగించి, వడకట్టి, కార్బన్ వంటి వాటితో రంగు పీల్చి మళ్లీ పలుకు కట్టిస్తారు. మన మిల్లులు చాలావరకు అంత దూరం పోవు; రసంలోకే గంధకపు పొగ పంపి నేరుగా తెల్ల పంచదార తీస్తాయి. బెల్లంలో పలుకూ మొలాసిస్సూ కలిసే ఉంటాయి. నాకు ఇష్టమైన ఆ ఘాటు వాసన మొలాసిస్‌దే.

వచ్చేటప్పుడు పిన్ని లోపలినుంచి ముదురు రంగు దిమ్మ ఒకటి తెచ్చి సంచిలో పెట్టింది, ఇంటి వాడకానికి చేసుకున్నదట. రాత్రి పది దాటింది. రేపటి అరిసెలకు బియ్యం నానబోసి, ఇది రాస్తున్నాను. వంటిల్లంతా గానుగ దగ్గరి వాసనే.