కట్టుడు లోకాల్లో కాపలా పద్ధతులు

'డార్క్ సిటీ', 'ది ట్రూమన్ షో' సినిమాలు 1998లో వచ్చాయి. మరుసటి ఏడాదే 'ది మేట్రిక్స్' వచ్చింది. తాను బతుకుతున్న లోకం ఎవరో కట్టి నడుపుతున్నదేనని కథానాయకుడు తెలుసుకోవడం మూడింటికీ సామాన్యం కాబట్టి వాటిని ఒకే గాటన కట్టడం పరిపాటి అయింది. అయితే లోకం నకిలీదన్న సంగతి కన్నా, అందులోని మనుషులు బయటికి పోకుండా ఏ ఉపాయంతో ఆపుతున్నారన్నదే నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది.

'మేట్రిక్స్'లో ఆ ఉపాయం సూటిగానే ఉంటుంది. యంత్రాలు మనుషుల దేహాల నుంచి శక్తిని తోడుకుంటూ, వారి మెదళ్లకు ఇరవయ్యో శతాబ్దపు చివరి రోజుల లోకాన్ని చూపిస్తుంటాయి. (మనిషిని బతికించడానికయ్యే శక్తి కన్నా అతని నుంచి వచ్చేది తక్కువే కనుక ఈ లెక్క శాస్త్రానికి నిలవదు.) శత్రువెవరో తెలిసిపోయాక మిగిలేది యుద్ధమే.

అలెక్స్ ప్రోయాస్ 'డార్క్ సిటీ'లో గ్రహాంతర జీవులు అర్ధరాత్రి నగరాన్నంతటినీ నిద్రపుచ్చి, భవనాల రూపు మార్చి, మనుషులకు కొత్త జ్ఞాపకాలను సూదితో ఎక్కిస్తారు. షెల్ బీచ్ అనే సముద్రతీరం గురించి అందరికీ తెలుసు, దారి మాత్రం ఎవరూ చెప్పలేరు. థియేటర్లలో విడుదలైన కూర్పు మొదట్లోనే వ్యాఖ్యానంతో రహస్యాన్ని బయటపెట్టేస్తుంది. 2008లో వచ్చిన దర్శకుడి కూర్పులో అది లేదు కాబట్టి దానినే చూడటం మేలు.

వీటన్నిటికన్నా క్రూరమైనది పీటర్ వియర్ తీసిన 'ట్రూమన్ షో'లోని పద్ధతి అని నా అభిప్రాయం. ట్రూమన్ తనకు తెలియకుండానే పుట్టినప్పటి నుంచి ఒక టీవీ షోలో బతుకుతుంటాడు. అతని చిన్నతనంలోనే, షో నడిపేవారు అతని కళ్లెదుట తండ్రి నీట మునిగిపోయినట్టు నటింపజేసి, సముద్రమంటే వణికిపోయేలా చేస్తారు. ట్రావెల్ ఏజెన్సీ గోడ మీద సైతం పిడుగు పడిన విమానం బొమ్మ ఉంటుంది. అతని ఊరు ద్వీపం కాబట్టి, చాలాకాలం పాటు ఆ భయమే కాపలాదారుల పనిలో సింహభాగం చేసిపెడుతుంది.

వీటికి పాతికేళ్ల ముందే, 1973లో, దర్శకుడు ఫాస్‌బిండర్ జర్మన్ టెలివిజన్ కోసం 'వరల్డ్ ఆన్ ఎ వైర్'ను రెండు భాగాలుగా తీశాడు. అందులో కంప్యూటర్ లోపల ఒక లోకాన్ని సృష్టించింది భవిష్యత్ అంచనాల కోసం; ఉక్కు వ్యాపారులకూ ఆ అంచనాలు కావాలి. అక్కడివారిపై ఎవరికీ పగ లేదు. అసలు వారిని మనుషులుగానే లెక్కించరు. ఆ నిర్లక్ష్యం తక్కిన సినిమాల్లోని విలన్ల కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. తన లోకమూ అలాంటి కట్టుడుదేనని తెలుసుకున్న కథానాయకుడు స్టిల్లర్ చివరికి పై లోకానికి చేరుకుంటాడు గాని, దానికి పైన మరొకటి లేదన్న హామీని సినిమా ఇవ్వదు.