సున్నం పడని నంబరు

జడ్చర్ల నుంచి ఉదండాపూర్ వెళ్తుంటే ఊరికన్నా ముందు కట్ట కనిపిస్తుంది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలో దాదాపు 16 టీఎంసీల రిజర్వాయర్ ఇది. శ్రీశైలం వెనుక జలాలను నార్లాపూర్ దగ్గర ఎత్తిపోసి ఏదుల, వట్టెం, కర్వెన మీదుగా ఇక్కడికి తేవాలన్నది పథకం. 2015 జూన్‌లో శంకుస్థాపన చేశారు. నార్లాపూర్‌లో మొదటి మోటారు తిరిగింది 2023 సెప్టెంబరులో. ఈ ఊరికి 'ముంపు' అన్న పేరు మాత్రం నీళ్లకన్నా చాలా ముందే వచ్చేసింది.

సంక్రాంతి ముందు రోజులు. ఓ ఇంటి దగ్గర ఒకామె గోడకు సున్నం వేస్తోంది. వాకిలి పక్కన సర్వేవాళ్లు ఎర్ర రంగుతో రాసిన నంబరుంది. కుంచె అక్కడిదాకా వచ్చి ఆగింది, చుట్టూ జాగ్రత్తగా తిరిగింది. తెల్లటి గోడ మీద జానెడు మేర పాత మట్టిరంగు, మధ్యలో వెలిసిపోయిన అంకెలు.

"అదెందుకు వదిలేశారక్కా?"

"అది మాసిపోతే రేపు ఈ ఇల్లు లిస్టుల లేదంటే ఎవరికి జెప్పుకోవాలె సారూ?"

లోపలి గదికి ప్లాస్టరింగ్ లేదు. బాత్‌రూమ్ గోడలు సగంలో ఆగాయి. మునిగే ఇంటికి సిమెంటు దండగని వాళ్లాయన ఆపేశాడట. ఆపి ఎన్నేళ్లో ఆమె లెక్క చెప్పలేదు. చిన్న కొడుకు అప్పుడు బడికి పోతుండెనని మాత్రం అంది. ఇప్పుడా పిల్లాడు పోలేపల్లి సెజ్‌లో పనికెళ్తున్నాడు.

ఆ కొడుకు సంగతే ఆమెకు అసలు టెన్షన్. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పెళ్లయినా కాకపోయినా మేజర్ అయితే చాలు, విడి కుటుంబమే. కానీ ఏ తేదీ నాటికి మేజర్? కటాఫ్ తేదీ ముందు పద్దెనిమిది నిండినవాడికి పునరావాస ప్యాకేజీ, తర్వాత నిండినవాడికి ఏమీ లేదు. పనులు ఏళ్లకేళ్లు సాగితే పిల్లలు పెరగకుండా ఉంటారా? ఒకే ఇంట్లో అన్న కుటుంబం, తమ్ముడు డిపెండెంట్. ఆమె పక్కింట్లో అన్నదమ్ముల మధ్య మాటల్లేవట. సంబంధాలవాళ్లు కూడా "ముందు మీ ఊరు ఎక్కడికి పోతుందో తేలనీయండి" అంటున్నారట.

ఎకరానికి ఎంతిచ్చారన్నదే మనం పేపర్లో చదువుతాం. నిద్ర పట్టని రాత్రులు పరిహారం లెక్కతేల్చే ఏ అవార్డు కాపీలోనూ ఎక్కవు. ప్రాజెక్టు వద్దని నాతో అక్కడ ఎవరూ అనలేదు. వలసలు ఎరిగిన జిల్లా ఇది, నీళ్ల విలువ వాళ్లకు ఒకరు చెప్పాలా? దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు లేబర్ తట్టలు మోసినవాళ్లే. ఇప్పుడు కట్ట వాళ్ల ఇంటి ముందుకే వచ్చింది.

మధ్యాహ్నం నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరి, అక్కడి నుంచి సోమశిల వెళ్లాం. రోడ్డు గురించి చెప్పడానికేమీ లేదు, బాగుంది. సోమశిలలో కృష్ణ నిండుగా ఉంది. టూరిజం కాటేజీలు, బోటు షికారు, వేయించిన చేపల వాసన. చేపలు నిజంగానే బాగున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టుతో రెండు ఒడ్డుల్లోనూ కలిపి వందకు పైగా ఊళ్లు మునిగిన సంగతి అక్కడ కూర్చుని తినేవాళ్లకు గుర్తు రాదు. సోమేశ్వరాలయాన్ని మాత్రం ముంపు నుంచి విప్పి తెచ్చి గట్టున మళ్లీ కట్టారు.

చేపల బండి దగ్గర కలిసిన పెద్దాయన సొంతూరు ఆ నీళ్ల కిందే ఉంది. 1981 వేసవిలో ఖాళీ చేయించేటప్పటికి ఆయనకు పెళ్లయి ఇద్దరు పిల్లలు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల 98 జీవో జిరాక్సు. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలన్న 1986 నాటి ఉత్తర్వు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. మొదట తన పేరు పెట్టుకున్నాడు, తర్వాత కొడుకు పేరు. కొడుక్కీ వయసు దాటింది.

"హైదరాబాదుల మీకెవరన్న తెలుసా సారూ?" అని అడిగాడు. నాకు తెలిసినవాళ్లు పనికొచ్చేవాళ్లు కాదు, ఆ మాటే చెప్పాను.

బండి నడిపేది ఆయన మనవడే. సోమశిల–సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు కేంద్రం 2022లో ఒప్పుకుంది. అది వస్తే జనం పెరుగుతారని అతని లెక్క. "తాతా, ఆ కాగితం మళ్ల జూపిద్దువుగాని. ముందుగాల ఆ గిరాకీ చూడు," అన్నాడు. కర్నూలు నుంచి వచ్చిన ఓ కుటుంబం అప్పటికే ముళ్లు తక్కువున్న చేప ఏదని అడుగుతోంది.