సీసా నిమ్మరసం గొడవ

మావారి ఉద్యోగం పుణ్యమా అని ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్యకొచ్చి పడ్డాం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి, కానీ జనం మన మండలమంత కూడా ఉండరు, కొత్తిమీర కట్ట కావాలన్నా అరగంట కారెక్కాలి. తోచక ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో, అదే యూనివర్సిటీ తరఫున రైతులకీ ఊళ్ళోవాళ్ళకీ సలహాలిచ్చే ఆఫీసులో, మాస్టర్ గార్డెనర్ క్లాసుల్లో చేరా, తోటపని నేర్పి వాలంటీర్లని తయారుచేసే క్లాసులన్నమాట. 50 గంటలు పాఠాలు వినాలి, ఆ తర్వాత 50 గంటలు ఊళ్ళోవాళ్ళకి ఊరికే పని చేసిపెట్టాలి, అదే అసలు ఫీజు.

యూనివర్సిటీలో తెలిసిన సంగతి రైతు గడప దాకా చేరాలని 1914లో స్మిత్-లీవర్ చట్టం తెచ్చారు, అప్పట్నుంచి నడుస్తోంది ఇదంతా. పిల్లలకైతే ఫోర్-హెచ్ క్లబ్బులు, మొక్కలూ పశువులూ పెంచడం లాంటివి చేయిస్తూ నేర్పుతారు. వాటికి మూలమైన పిల్లల క్లబ్బు ఈ రాష్ట్రంలోనే, క్లార్క్ కౌంటీలో, 1902లో పెట్టారు. మా పక్కింటి పాప పందిపిల్లని పెంచి ఫెయిర్‌లో అమ్మేసొచ్చి రెండ్రోజులు మొహం వేలాడేసుకుని తిరిగింది పాపం.

నాకు పేచీ వచ్చింది మాత్రం టమాటాలు సీసాల్లో నిల్వ పెట్టే క్లాసులో. నేర్పేది డెబ్భై దాటిన పెద్దావిడ, ఆవిడా వాలంటీరే. పైంటు సీసాకి, అంటే దాదాపు అరలీటరు సీసాకి, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం పొయ్యాలి, అదీ కొట్లో అమ్మే సీసా రసమే అంది. నేనూరుకుంటానా, తాజా నిమ్మకాయ ఉండగా ఆ సీసాదేంటండీ అన్నా. కాయ కాయకీ పులుపు మారిపోద్దమ్మా, సీసాదైతే ఎప్పుడూ ఒకటే, పీహెచ్ అంటే పులుపు కొలత, అది పెరిగితే పులుపు తగ్గినట్టు, 4.6 దాటిందా సీసాలో బాక్టీరియా పెరిగి ప్రాణం తీసే బొట్యులిజం విషం పుట్టొచ్చు, అది వాసనకీ రుచికీ తెలీదు అంది. మా అమ్మమ్మ ఏ మీటరు పెట్టి చూసిందని నోటిదాకా వచ్చింది గానీ మింగేశా.

మొన్న నా వాలంటీరు డ్యూటీలో ఒక తాత అడుగు నల్లగా కుళ్ళిన టమాటా ఒకటి కవర్లో పట్టుకొచ్చాడు. కాల్షియం చాలక అనుకుని మొక్క మొదట్లో గుడ్డు పెంకులు వేశాడంట. కాల్షియం నేలలో ఉన్నా, ఓ రోజు ఎండగట్టి ఓ రోజు ముంచేస్తే మొక్క అందుకోలేదు, నీళ్ళు సమంగా పెట్టి మొదట్లో గడ్డి పరవండి అని చెప్పి పంపా. మూడు వారాలకి బుట్టెడు కాయలు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు!

అన్నీ మగ్గబెట్టి చింతపండేసి పచ్చడి చేశా, పెద్దావిడకీ ఒక సీసా ఇచ్చా. మూత తిప్పి వాసన చూసి, పీహెచ్ ఎంతుందేంటి అంది. ఫ్రిజ్‌లో పెట్టుకోండి అత్తా, వారంలో తినేయండి అన్నా.