ఎలిజబెత్ వెనక నిలబడ్డవాళ్లు

హంగరీ యువరాణి ఎలిజబెత్ గురించి ఎప్పుడు చదివినా నా మనసు ఆగేది ఆవిడ వితంతువైన రోజుల దగ్గరే.

పుట్టింది 1207లో. తండ్రి రాజు రెండో ఆండ్రూ, తల్లి మెరానియా గెర్ట్రూడ్. నాలుగేళ్లకే జర్మనీలోని తురింగియా పంపేశారు, అత్తవారింట పెరగాలని. 1213లో తల్లిని హంగరీ ప్రభువులే చంపేశారు. 1221లో తురింగియా పాలకుడు నాలుగో లుడ్విగ్‌తో పెళ్లి. 1227 సెప్టెంబరులో క్రూసేడ్‌కి బయల్దేరిన ఆయన ఇటలీలోని ఒట్రాంటోలో జబ్బుచేసి పోయాడు. మూడో బిడ్డ అప్పటికింకా కడుపులోనే ఉంది.

పెత్తనం మరిది హైన్‌రిష్ రాస్పె చేతికి పోయింది. ఆవిడ కోట విడిచింది. ఆదుకున్నది తల్లి వైపు వాళ్లు: కిట్జింగెన్ మఠాధిపతి అయిన తల్లి తోబుట్టువు మెఖ్తిల్డ్, బాంబెర్గ్ బిషప్ అయిన మేనమామ ఎక్‌బర్ట్. ఆయనకేమో మారుమనువు చేయాలని పట్టుదల. బలవంతపెడితే ముక్కు కోసుకుంటానని ఆవిడ తెగేసి చెప్పిందట. తర్వాత జరిగిన విచారణలో దాసీలు ఇచ్చిన వాంగ్మూలం ఇది. ఇరవై ఏళ్ల పిల్ల!

భర్త ఆస్తిలో తన వాటాకి బదులు 2000 మార్కులు (అప్పటి జర్మన్ డబ్బు) ముట్టాయి. అందులో 500 ఒక్కరోజే పేదలకి పంచింది. 1228లో మార్బుర్గ్‌లో ఆసుపత్రి పెట్టి, తనే రోగులకి స్నానాలు చేయించింది. 1231లో, 24 ఏళ్లకే పోయింది. 1235లో పునీతగా ప్రకటించారు.

వంశవృక్షం రాసేటప్పుడు చాలామంది తడబడతారు. గెర్ట్రూడ్ అన్నది ఎలిజబెత్ తల్లి పేరూ, చిన్నకూతురి పేరూ కూడా. సెయింట్ మార్గరెట్ ఎలిజబెత్‌కి చెల్లెలు కాదు, అన్న నాలుగో బేలా కూతురు, అంటే మేనకోడలు. సైలీషియా హెడ్విగ్ పెద్దమ్మ. పెద్దకూతురు సోఫీని మాత్రం వదిలేయకండి: ఏళ్ల తరబడి పోరాడి హెస్సె ప్రాంతాన్ని తన కొడుక్కి దక్కించింది.