పావుకిలో కందిపప్పు

నిన్న సాయంత్రం నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో సరుకులకు వెళ్ళినప్పుడు, నా ముందు నిలబడిన ఒక పెద్దావిడ అరకిలో కందిపప్పు అడిగి, ధర విన్నాక పావుకిలో చాలన్నారు. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల ఖర్చులో ఆహారం వాటా సగటున 39 శాతం. కూలిపనితో బతికే ఇళ్ళలో అది ఇంకా ఎక్కువే. చౌకదుకాణంలో మనిషికి నెలకు 5 కిలోల ఉచిత బియ్యం అందుతున్నందువల్ల అన్నానికి లోటు రాకపోవచ్చు గానీ, ధరలు పెరిగిన ప్రతిసారీ పప్పు పలచబడుతుంది, పాలూ గుడ్లూ తగ్గుతాయి, ఇంటి అద్దె మాత్రం తగ్గదు. బియ్యానికి పేరుపడ్డ ఊళ్ళో ఉంటూ ఈ లెక్క ఇన్నాళ్ళూ నాకు తట్టనందుకు సిగ్గేసింది. నేనూ నిన్న కిలోకు బదులు అరకిలోనే కొన్నాను. నాది పొదుపు, ఆవిడది కాదు. మిగిలిన చిల్లరతో ఆవిడ పచ్చిమిరపకాయలు తీసుకొని వెళ్ళారు.