నక్కలు లేని దీవి

జపాన్‌లోని సప్పొరోలో దిగిన రోజే మాకు మూడు మాటలు చెప్పారు. కొండ వాగుల్లో నీళ్లు తాగొద్దు. నక్క ఎంత ముద్దొచ్చినా దానికి తిండి వెయ్యొద్దు. బయట తిరిగి రాగానే చేతులు కడుక్కోండి. అక్కడి బడి పిల్లలక్కూడా ఇవే చెబుతారట. పరిశోధన నేర్చుకుందామని ఇంత దూరం వస్తే చంటిపిల్లలకు చెప్పినట్టు చెబుతున్నారేంటి అనుకున్నాను. మూడు వారాల తర్వాత ఊరికి తిరిగొచ్చి మా నాయనకు నేను చెప్పినవీ దాదాపు ఇలాంటి మాటలే.

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాయనకు నూటయాభై గొర్రెలు. నేను తిరుపతి పశువైద్య కళాశాలలో పీజీ చేస్తున్నాను, పరాన్నజీవుల విభాగం. జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద పనిచేయడానికే హొక్కైడో విశ్వవిద్యాలయం 2005లో ఒక ప్రత్యేక కేంద్రం పెట్టింది. వేరే దేశాల విద్యార్థులు అక్కడికి వచ్చి వాళ్లతో కలిసి పనిచేస్తుంటారు. మా ప్రొఫెసర్ గారు రాసిన ఉత్తరం, నేను పంపిన అరపేజీ ఆలోచన చూసి, జూన్ చివరి నుంచి మూడు వారాలకు నన్నూ రమ్మన్నారు.

బెంగళూరు నుంచి టోక్యో, అక్కడి నుంచి న్యూ చితోసే విమానాశ్రయం, ఆపైన ముప్పావు గంట రైలు. జూన్ అంటే మా ఊళ్లో వేరుశనగ విత్తనం పక్కన పెట్టుకుని మబ్బు కోసం ఆకాశం చూసే నెల. ఇక్కడ ఆకాశం తేటగా, గాలి చల్లగా ఉంది. సాయంత్రమైతే స్వెట్టర్ కావాలి. జపాన్ అంతా ఆ నెలలో వానల్లో తడుస్తుంటే ఉత్తరాన ఉన్న హొక్కైడోకి మాత్రం ఆ ముసురు పెద్దగా ఉండదు.

రెండో రోజు సాయంత్రం హాస్టల్‌కి నడిచి వస్తుంటే విశ్వవిద్యాలయం ఆవరణలోనే నక్క కనిపించింది. ఐదారు గజాల దూరం. మా వైపు గుంటనక్క మనిషి అలికిడికే పొదల్లోకి దూరిపోతుంది. ఇది నిలబడి చూసింది. గుంటనక్క కంటే పెద్దది, ఒళ్లంతా రాగి రంగు, కాళ్లకు నల్ల మేజోళ్లు తొడిగినట్టు, తోక కొసన తెలుపు. చలికాలపు బొచ్చు ఇంకా పూర్తిగా ఊడలేదు, తుంటి మీద పాత దూదిలా వేలాడుతోంది. నోట్లో చిన్న ఎలుక ఉంది. నన్ను తేరిపార చూసి, ఎలుకను సర్దుకుని, తీరిగ్గా చెట్ల వెనక్కి వెళ్లింది.

అసలు విషయం ఆ ఎలుకలోనే ఉంది. ఎకినోకోకస్ అనే బద్దెపురుగు నక్క పేగుల్లో ఉంటుంది. పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు మించదు, నక్కకు దానివల్ల పెద్ద బాధ కూడా ఉండదు. గుడ్లు మాత్రం మలంతో బయటపడి గడ్డి మీదా, మట్టిలోనూ, వాగుల్లోనూ చేరతాయి. ఆ గడ్డి తిన్న ఎలుక కాలేయంలో పిల్లపురుగు పెరుగుతుంది, ఆ ఎలుకను నక్క తింటుంది. మనిషికి ఇందులో పాత్రే లేదు. కానీ చేతి మట్టితోనో, పచ్చి నీళ్లతోనో గుడ్డు మన కడుపులోకి పోతే, ఎలుకలో చేసిన పనే మనలోనూ మొదలుపెడుతుంది. కాలేయంలో కేన్సర్ గడ్డలా అల్లుకుంటూ పోతుంది. ఐదేళ్లు, పదేళ్లు, ఒక్కోసారి పదిహేనేళ్లు ఏ నొప్పీ ఉండదు. బయటపడేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. హొక్కైడోలో సుమారు పది నక్కల్లో నాలుగింటికి ఈ పురుగు ఉంటుందన్నారు. అందుకే అక్కడ ఊరి యంత్రాంగమే జనానికి రక్తపరీక్ష చేయిస్తుంది. కుక్కకు ఈ పురుగు ఉన్నట్టు తేలితే పశువైద్యుడు ప్రభుత్వానికి తెలపాలనే నియమం 2004 నుంచి ఉంది. మనిషిని కాపాడే చట్టంలో పశువైద్యుడికి ఒక పని అప్పజెప్పారని విన్నప్పుడు నాకు చాలా తృప్తిగా అనిపించింది. మా చదువుకు ఆ గౌరవం దక్కడం నేను అరుదుగా చూశాను.

మా పని నక్కల మలం వెతకడం. సప్పొరో పడమటి కొండల అంచున, రెండు జతల గ్లవ్స్ వేసుకుని, దారి పక్క రాళ్ల మీద చూసుకుంటూ నడవాలి. నక్క నలుగురికీ కనిపించే చోటే వేస్తుంది, అది దాని సరిహద్దు గుర్తు. దొరికింది సంచిలో పెట్టి, చోటు రాసుకుని, తెచ్చాక ముట్టుకోకూడదు. ముందు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచాలి. నాకు అర్థం కాలేదు. మామూలు ఫ్రీజర్ చాలదా? మాకు నేర్పుతున్న జపాన్ సీనియర్ అక్క తల అడ్డంగా ఊపింది. హొక్కైడో మంచు కింద చలికాలమంతా గడిపి కూడా ఈ గుడ్లు బతికే ఉంటాయి. స్పిరిట్‌కు చావవు. చావాలంటే అంతటి చలైనా ఉండాలి, లేదా బాగా వేడైనా చెయ్యాలి. అందుకే వాగు నీళ్లను మరగబెట్టి తాగమంటారు.

వారం తర్వాత మలాన్ని చక్కెర పాకంలో కలిపి తిప్పాం. పాకం చిక్కగా ఉంటుంది కాబట్టి గుడ్లు పైకి తేలతాయి. పైపొరను గాజుపలక మీదికి తీసుకుని మైక్రోస్కోప్ కింద పెట్టాను. గోధుమ రంగు గుండ్రటి గుడ్డు, గట్టి పెంకు, దాని మీద సన్నటి గీతలు చక్రం ఆకుల్లా కేంద్రం నుంచి బయటికి. లోపల ఆరు చిన్న కొక్కేలు. తిరుపతిలో కుక్క మలంలో నేను చూసిన గుడ్డూ అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ జాతి పురుగుల గుడ్లన్నీ కంటికి ఒకేలా కనిపిస్తాయి, పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేస్తే తప్ప ఏది ఏదో తేలదు. చాలాసేపు కన్ను తీయబుద్ధి కాలేదు. ఇంత దూరం వచ్చి మా ఊరి పురుగుకు చెల్లెల్ని చూస్తున్నట్టుంది.

రాత్రిళ్లు హాస్టల్ వంటగదిలో కబుర్లు. మాతో మంగోలియా అమ్మాయి, అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న జాంబియా అబ్బాయి. జాంబియా విశ్వవిద్యాలయంలోనూ హొక్కైడో వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది, రాకపోకలు రెండు వైపులా సాగుతుంటాయి. 2011లో లువాంగ్వా లోయలో నీటిగుర్రాలు ఆంత్రాక్స్‌తో చచ్చిపోతే, ఆ మాంసం తిన్న వందల మందికి జబ్బు చేసిందని అతను చెప్పాడు. "తినొద్దని చెప్పడం తేలిక. వారాల తరబడి మాంసం ముఖం చూడని ఇంటికి ఎలా చెప్పాలి?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. మంగోలియా అమ్మాయి 2019 నాటి సంగతి చెప్పింది. ఆరోగ్యానికి మంచిదని మర్మోట్ అనే ఉడుత జాతి జంతువు పచ్చి మూత్రపిండం తిని భార్యాభర్తలిద్దరూ ప్లేగుతో పోయారు. చెప్పి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆమెదీ గొర్రెల కుటుంబమే. వాళ్ల గుడారం దగ్గరికి వెళ్లేవాళ్లు దూరం నుంచే "నొఖొయ్ ఖోర్" అని కేకేస్తారట. అంటే కుక్కను పట్టుకోండి అని. పలకరింపు కూడా అదే. మా మంద కాడికి ఎవరొచ్చినా "కుక్కను పట్టుకో అన్నా" అనే అరుస్తారని చెబితే ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాత ఆమె అడిగింది: "గొర్రెను కోసినప్పుడు పాడైన కార్జం ఏం చేస్తారు?" కుక్కకు వేస్తాం అన్నాను. "మేమూ అంతే" అంది.

మూడో వారం చివర్లో రెబున్ దీవికి తీసుకెళ్లారు. సప్పొరో నుంచి వక్కనైకి ఐదు గంటలకు పైగా రైలు, అక్కడి నుంచి రెండు గంటలు ఓడ. సముద్రంలోంచి నిటారుగా లేచిన రిషిరి కొండ పక్కనే ఉంటుంది. దాని ముందు రెబున్ చాప పరిచినట్టు చదునుగా, పచ్చగా కనిపిస్తుంది. చెట్లు తక్కువ. ఎత్తైన కొండల మీద మాత్రమే పూసే పూలు ఇక్కడ సముద్రపు ఒడ్డునే పూస్తాయి. జనమంతా పూల కోసమే వస్తారు. మేము నక్కల కోసం వెళ్లాం, అదీ ఇప్పుడు లేని నక్కల కోసం.

ఆ దీవిలో మొదట నక్కలు లేవు. 1924 నుంచి 1926 వరకు కురిల్ దీవుల్లోని సిముషిర్ నుంచి ఓడల్లో తెచ్చి వదిలారు. మొక్కల్ని కొరికేస్తున్న ఎలుకల్ని అవి తింటాయి, పైగా బొచ్చుకు మంచి ధర వస్తుంది. ఎవరి బుద్ధికైనా మంచి ఆలోచనే అనిపిస్తుంది. పదేళ్లు గడిచాక, 1936లో మొదటి రోగి బయటపడింది. ఆ తర్వాత ఏళ్లలో ఆ చిన్న దీవి నుంచి వంద మందికి పైగా. కారణం తెలిశాక నక్కల్ని, కుక్కల్ని లేకుండా చేశారు. రెబున్‌లో జబ్బు ఆగిపోయింది. కానీ 1960ల్లో తూర్పున నెమురో వైపు మళ్లీ తలెత్తింది. అది మెల్లగా హొక్కైడో అంతా పాకింది, అంత పెద్ద నేల మీద నక్కల్ని లేకుండా చెయ్యడం ఎవరివల్లా కాదు.

మేం దిగిన చిన్న సత్రం నడిపే అవ్వకు ఎనభై దాటి ఉంటాయి. సీనియర్ అక్క అడిగి మాకు చెప్పింది. ఆమె చిన్నతనంలో ఒక ఏడాది దీవి మీద కుక్క అరుపు వినపడకుండా పోయిందట. వాళ్ల ఇంటి కుక్కను కూడా ఇచ్చేశారు. వాళ్ల నాన్న తాడు మాత్రం దాచుకున్నాడు. ఇంతే చెప్పి ఆమె మాకు ఇంకొంచెం అన్నం వడ్డించింది. నేను భోజనం ముందు కూర్చుని మా పెద్దమ్మ గురించే ఆలోచిస్తున్నాను.

పెద్దమ్మకు కాలేయంలో గడ్డ అన్నారు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు. ఆపరేషన్ చేసి తీస్తే లోపల నీళ్లు నిండిన తిత్తి, దాంట్లో పిల్ల తిత్తులు. బతికింది. ఎందుకొచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలియదు, దేవుడి కోపం అనుకున్నారు, ముడుపు కట్టారు. కాలేజీలో ఈ తిత్తుల జబ్బు, హైడాటిడ్, పాఠం చదివినప్పుడు కూడా అది పెద్దమ్మ కథే అని నాకు తట్టలేదు. రెబున్‌లో తట్టింది. అక్కడ ఎలుక, నక్క. మా దగ్గర గొర్రె, కుక్క. గొర్రె కార్జంలో మేం నీళ్ల బుడ్డలు అనేవి ఆ పురుగు పిల్లలుండే తిత్తులే. కుక్కకు వేస్తే దాని పేగుల్లో పురుగులవుతాయి, గుడ్లు మేత మీద పడతాయి, మళ్లీ గొర్రెకు. మధ్యలో కుక్కను వాటేసుకునే పిల్లలున్నారు, వాకిలి ఊడ్చే పెద్దమ్మలున్నారు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశం మొత్తం మీద తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. రేవులో ఓడ కోసం చూస్తూ మంగోలియా అమ్మాయికి ఇదంతా చెప్పాను. తన ఫోన్‌లో వాళ్ల కుక్క ఫొటో తీసి చూపించింది, దాని మెడ చుట్టూ నాలుగేళ్ల తమ్ముడి చేతులు.

సీనియర్ అక్క ఓడలో ఇంకో సంగతి చెప్పింది. 1990ల చివర్లో కొషిమిజు అనే ఊరి చుట్టూ చేప పొడితో చేసిన ఎరల్లో ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగుల మందు పెట్టి నక్కల బొరియల దగ్గర నెల నెలా చల్లారు. ఆ చుట్టుపక్కల నక్కల్లో పురుగు బాగా తగ్గింది. నక్కను చంపక్కర్లేదు. మందు వాసన తెలియకుండా తినిపించగలిగితే చాలు. నేను నోట్‌బుక్ తీసి ఆ మందు పేరు కింద రెండు గీతలు గీశాను. అది మా దగ్గర మందుల అంగట్లో దొరికేదే.

ఊరికి వచ్చిన వారానికి ఆదివారం నాయన పొట్టేలును కోశాడు. కార్జం మీద రెండు బుడ్డలు, నిమ్మకాయంత ఒకటి, రేగుపండంత ఒకటి. అలవాటు ప్రకారం ఆ ముక్క కోసి మా నల్లోడి వైపు విసరబోయాడు.

"నాయనా, ఎయ్యొద్దు."

"ఎన్నేండ్ల నుంచి ఏస్తాండాం. ఏమాయె పాపా?"

"పెద్దమ్మ కడుపులో తీసింది ఇదే."

చెయ్యి అట్లనే ఆగిపోయింది. కత్తి మొనతో పెద్ద బుడ్డను తాకబోతే వద్దన్నాను, పగిలితే నీళ్లు చిందుతాయని. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనకుండా పార తీసుకుని దొడ్డి వెనక మోకాలి లోతు గుంత తవ్వాడు. ముక్క అందులో వేసి, మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా పైన బండరాయి దొర్లించాడు.

సాయంత్రం నేను మంచి కార్జం ముక్కలు ఉడకబెట్టి, ఒక్కోదాంట్లో మాత్ర దూర్చాను. కుక్క బరువును బట్టి పది కిలోలకు ఒకటి. నల్లోడు నమలకుండా మింగాడు. వీధిలోవి ఎనిమిది. నాయన కూడా వచ్చాడు, ఏ కుక్క ఎవరింటి దగ్గర పడుకుంటుందో ఆయనకే తెలుసు. ఆరు వారాలకోసారి ఇట్లా వెయ్యాలంటే గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశాడు. గుడి కాడి ఎర్రకుక్క మాత్రం ముక్కను వాసన చూసి, మాంసం తిని, మాత్రను మట్టిలో ఉమ్మేసింది.

"దానికి బెల్లం ఇష్టం" అన్నాడు నాయన. "రేపు పొద్దున మంద తోలుకపోకముందే చూద్దాం."